బెంగళూరు మేడ మీద పాపీలు పూయించడానికి నాకు పట్టిన ఐదు నెలలు

2024 ఫిబ్రవరిలో మా ఆడపడుచు కొడుకు పెళ్ళికి ఢిల్లీ వెళ్ళాం. స్టేషన్ నుంచి వస్తుంటే సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. పక్కనే రోడ్డు కూడలిలో గుండ్రటి పూలమడి, దాన్నిండా పాపీలు. ఎరుపు, గులాబీ, తెలుపు. రేకులు చూస్తే అప్పుడే పెట్టెలోంచి తీసిన పట్టుగుడ్డలా ముడతలు ముడతలుగా ఉన్నాయి. గాలి లేకపోయినా కదులుతున్నట్టే అనిపించాయి. ఆ నిమిషంన్నరలో మావారు ఏదో చెబుతున్నారు కానీ నా చెవికి ఎక్కలేదు. మా మేడ మీద కూడా ఇవి పూయాలని అప్పుడే అనుకున్నాను.

మేం ఉండేది బెంగళూరు రామ్మూర్తినగర్‌లో. మొదటి అంతస్తులో అద్దెకుంటాం, కింద ఓనరువాళ్ళు, పైన మేడ. మేడ మీద కుండీలు పెట్టుకోవడానికి పదకొండేళ్ళుగా ఓనరాంటీ ఏనాడూ అడ్డు చెప్పలేదు. బంతి, చామంతి, టమాట, మెంతికూర అన్నీ వేసిన చెయ్యి కాబట్టి పాపీ ఏమంత కష్టం అనుకున్నాను. అక్కడే మొదటి తప్పు జరిగింది.

దసరా మర్నాడు, అక్టోబరు 13 ఆదివారం, మొదటిసారి విత్తనం వేశాను. ఆన్‌లైన్‌లో రెండు ప్యాకెట్లు తెప్పించాను. షర్లీ పాపీ 70 రూపాయలు, కాలిఫోర్నియా పాపీ 80. షర్లీ ప్యాకెట్ విప్పి అరచేతిలో పోసుకుంటే నాకు గుండె జారింది. ఆవగింజ వీటి ముందు పెద్దది. ముక్కుపొడుంలా ఉన్నాయి, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయేలా ఉన్నాయి. టమాటకి చేసినట్టే ట్రేలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపి, గింజలు వేసి, పైన అర అంగుళం మట్టి కప్పి, మగ్గుతో నీళ్ళు పోశాను.

ఆ వారమే బెంగళూరులో కుండపోత వానలు. ట్రేని మెట్లగదిలోకి మార్చాను. అక్కడ వెలుతురు లేదు. పది రోజులయింది, పదిహేను రోజులయింది, రోజూ పొద్దున లేచి కాఫీ కూడా పెట్టకుండా పైకెళ్ళి చూడటమే. ఇరవయ్యో రోజుకి ట్రే అంచు వెంబడి, మట్టి సరిగ్గా కప్పని చోట మాత్రం పదకొండు మొలకలు కనిపించాయి. తర్వాత తెలిసింది ఏమిటంటే పాపీ గింజ మొలవాలంటే దానికి వెలుతురు తగలాలి. నేను దాన్ని పాతిపెట్టి చీకట్లో ఉంచాను. ఆ పదకొండు మొలకలూ నా తప్పులోంచి తప్పించుకున్నవి.

వాటినైనా బతికించుకుందామని నవంబరు 5న ఒక్కొక్కటీ చెంచాతో లేపి విడివిడి కప్పుల్లోకి మార్చాను. నాలుగు రోజుల్లో పదకొండూ వాలిపోయాయి. ఒకదాన్ని పీకి చూస్తే, పైన రెండు ఆకులే ఉన్న ఆ మొలకకి కింద దారంలాంటి తల్లివేరు, మొలకకి మూడింతల పొడవు. కప్పుల్లోకి మార్చేటప్పుడే దాని చివర తెగిపోయింది. పాపీకి తల్లివేరు తెగితే మళ్ళీ కోలుకోవడం చాలా కష్టం. అందుకే దాన్ని నారు పోసి నాటకూడదు, ఎక్కడ పూయాలో అక్కడే చల్లాలి. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నాకు ఇరవై ఎనిమిది రోజులు మిగిలేవి. చలికాలం చిన్నదైన ఊళ్ళో ఇరవై ఎనిమిది రోజులంటే చాలా ఎక్కువ.

ఈ మధ్యలో ఇంకో టెన్షన్. ఓనరాంటీ పైకొచ్చి ట్రే మీద నేను అతికించిన పేరు చూసి, "పాపీ అంటే గసగసె కదమ్మా? పోలీసు కేసవుతుంది" అన్నారు. ఆమెది వట్టి భయం కాదు. మదనపల్లె వైపు గసగసాల సాగు పట్టుబడిన వార్త 2021లో మేమూ చూశాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు కూర్చుని వివరంగా తెలుసుకున్నాను. మనం వంటింట్లో వాడే గసగసాలు నల్లమందు మొక్కవి, దాని పేరు పాపావర్ సోమ్నిఫెరమ్. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఆ మొక్కను పెంచడం నేరం. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వం గుర్తించిన ప్రాంతాల్లో లైసెన్సున్న రైతులే దాన్ని వేస్తారు. నేను వేసిన షర్లీ పాపీ వేరే జాతి, పాపావర్ రోయాస్. కాలిఫోర్నియా పాపీ అయితే ఆ కుటుంబంలోనే ఇంకో శాఖ. ఇవి పూల కోసం పెంచుకునేవి.

ఇది చదివే వాళ్ళకి రెండు మాటలు గట్టిగా చెప్పాలి. డబ్బాలోని గసగసాలు తీసి మట్టిలో చల్లి చూద్దామని ఎవరూ అనుకోవద్దు, సరదాకైనా. విత్తనాలు కొనేటప్పుడు ప్యాకెట్ మీద శాస్త్రీయ నామం చూడండి. పియోనీ పాపీ అని అందమైన బొమ్మతో అమ్మేవి నల్లమందు జాతివే. పేరు రాయని ప్యాకెట్‌ను నేనైతే ముట్టుకోను. మొక్క ఎదిగాక తేడా కంటికే తెలుస్తుంది. నల్లమందు మొక్క ఆకు నున్నగా, బూడిద కలిసిన ఆకుపచ్చలో, కాండాన్ని కౌగిలించుకుని ఉంటుంది. షర్లీ పాపీ కాండం నిండా నూగు, ఆకు లోతుగా చీలి ఉంటుంది. జనవరిలో ఆంటీని పైకి తీసుకెళ్ళి ఆ నూగు చేత్తో తడిమించాకే నా మనసు కుదుటపడింది.

రెండో విడత నవంబరు 10, ఆదివారం. ఈసారి ఎనిమిది గ్రో బ్యాగులు, అడుగు లోతువి, ఒక్కోటి 45 రూపాయలు. షర్లీ ప్యాకెట్లు ఇంకో రెండు కొన్నాను. మట్టిలో ఇసుక, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి తేలిక గుళికలు) ఎక్కువ కలిపాను, వర్మీకంపోస్ట్ తక్కువ వేశాను. ఎరువు ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి పువ్వు తగ్గుతుంది.

గింజలు చల్లబోతుంటే మా అత్తమ్మ వచ్చి నా చేతిలో చూశారు. ఆమెది ధర్మవరం పక్క పల్లె, జీవితమంతా సేద్యంలోనే గడిచింది. "ఏమ్మా, నువ్వులు చల్లేటప్పుడు ఇసక కలపకుండా ఎవరైనా చల్లుతారా?" అని, ఒక గిన్నెలో పొడి ఇసుక పోసి, గింజలు అందులో వేసి రెండు చేతులతో కలిపి, మూడువేళ్ళతో తీసి చల్లారు. ఆ చెయ్యి అలా ఒక్క విసురుతో బ్యాగంతా సమంగా పడేలా తిప్పడం చూస్తూ నిలబడిపోయాను. ఇసుక తెల్లగా పడ్డ చోట గింజ పడిందని తెలుస్తుంది, ఒకేచోట గుట్టగా పడవు. పైన మట్టి కప్పలేదు. అరచేత్తో మెల్లగా అదిమి, 120 రూపాయల స్ప్రేయర్‌తో మంచులా తడిపాం. ఆరు బ్యాగుల్లో షర్లీ, రెండింటిలో కాలిఫోర్నియా.

రెండో రోజే చీమలు వరస కట్టాయి. ఇసుక రేణువుల్ని వదిలేసి గింజల్ని మాత్రం ఏరుకుని పోతున్నాయి. బ్యాగుల చుట్టూ చీమల చాక్‌పీసుతో గీత గీసి, గోడకి తగలకుండా ఇటుకల మీదకి ఎత్తాను. తర్వాత అటు రాలేదు.

ఎనిమిదో రోజు, నవంబరు 18 పొద్దున, ఆకుపచ్చటి పొగలాంటిది కనిపించింది. వంగి దగ్గరగా చూస్తేగానీ మొలకలని తెలియదు. ఒక్కో బ్యాగులో అరవై డెబ్బై. మా అమ్మాయిని నిద్ర లేపి పైకి లాక్కొచ్చి చూపించాను. "ఇంతేనా అమ్మా?" అంది. తొమ్మిదో తరగతి పిల్లకి అర్థం కాకపోవచ్చు గానీ, నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తర్వాత జరిగినది రాయడానికి కష్టంగా ఉంది, అయినా రాస్తాను. నవంబరు 23, శనివారం. అమ్మాయి స్కూల్లో పేరెంట్స్ మీటింగు ఉంటే వెళ్ళాను. ఎండ బాగా ఉంది. పైన మట్టి ఎండినట్టు కనిపించేసరికి అత్తమ్మ పాపం మొక్కలు మాడిపోతాయని మగ్గుతో నీళ్ళు పోశారు. నేను వచ్చేసరికి రెండు బ్యాగుల్లో మొలకలన్నీ బురదలో పడుకుని ఉన్నాయి. "మీకెవరు పొయ్యమన్నారు?" అని అరిచాను. పెళ్ళయిన పదిహేడేళ్ళలో ఆమె మీద అలా గొంతు లేపడం అదే మొదటిసారి. ఆమె ఏమీ అనలేదు. ఆ రాత్రి సంగటి సగంలోనే వదిలేసి లేచారు.

తెల్లవారి నేను పైకెళ్ళేసరికి అత్తమ్మ అక్కడే ఉన్నారు. అగ్గిపుల్లతో ఒక్కో మొలకనీ లేపి, కింద చిటికెడు ఇసుక పోసి నిలబెడుతున్నారు. కళ్ళజోడు ఇంట్లోనే మర్చిపోయి, ముఖం దాదాపు మట్టికి ఆనించి. నేను పక్కన కూర్చుని క్షమించమని అడిగాను. "బువ్వ పెట్టే చేను ఎండిపోతాంటే చూస్తా ఉండే అలవాటు లేదమ్మా నాకు" అన్నారు. ఆమె లేపిన వాటిలో ఒక్కటీ బతకలేదు. నేల దగ్గర కాండం నల్లబడి, దారంలా సన్నబడి పడిపోయాయి. ఇది నారుకుళ్ళు, తేమ ఎక్కువైతే వస్తుంది. ఆ రెండు బ్యాగులూ డిసెంబరు 8న మళ్ళీ చల్లాం.

ఈలోగా ఫెంగల్ తుపాను. అది నవంబరు 30న పుదుచ్చేరి దగ్గర తీరం దాటితే, డిసెంబరు 1 నుంచి మూడు రోజులు మాకు ఎడతెగని ముసురు. ఒక్కో బ్యాగూ తడిమట్టితో తొమ్మిది కిలోలు ఉంటుంది. రాత్రి పూట మెట్లగదిలోకి, పొద్దున వాన తెరిపిస్తే బయటికి. మావారు రెండో రోజు నడుం పట్టేసింది అన్నారు, మూడో రోజు నేనూ అమ్మాయీ మోశాం. అమ్మాయే ఒక ఉపాయం చెప్పింది. పాత పారదర్శక ప్లాస్టిక్ షీటు తాడు మీద గుడారంలా కడితే వెలుతురు వస్తుంది, వాన పడదు. ముందే తట్టుంటే బాగుండేది.

డిసెంబరు 10 ప్రాంతంలో మొక్కలు పలుచన చేయాలి. నిజానికి నాకు అన్నిటికంటే బాధ కలిగించిన పని ఇదే. బ్యాగుకి అరవై మొక్కల్లో నాలుగే ఉంచాలి, జానెడు దూరంలో ఒకటి. పీకితే పక్కవాటి వేళ్ళు కదులుతాయి కాబట్టి చిన్న కత్తెరతో నేల దగ్గర కత్తిరించాలి. ఇంత కష్టపడి మొలిపించినవి నా చేత్తో నేనే కోసేయాలా? మొదటి రోజు బ్యాగుకి పదిహేను ఉంచి వదిలేశాను. వారం తిరిగేసరికి అవన్నీ ఒకదానితో ఒకటి పోటీపడి సన్నగా, పాలిపోయి తయారయ్యాయి. రెండోసారి కత్తెర అత్తమ్మ చేతికిచ్చి నేను కిందికి వెళ్ళిపోయాను. ఆమె పావుగంటలో పూర్తి చేశారు. షర్లీ పదహారు మొక్కలు, కాలిఫోర్నియా ఆరు మిగిలాయి.

ఆ తర్వాత నెలన్నర పెద్దగా ఏమీ జరగలేదు. ఆకులు నేలకి పరుచుకుని గుండ్రంగా పెరుగుతాయి, ఎత్తు పెరగవు. ఎండ ఆరు గంటలు తగలాలి. వేలు మొదటి గణుపుదాకా మట్టిలో దింపి, పొడిగా ఉంటేనే నీళ్ళు. సంక్రాంతి ముందు చలికి మేం స్వెట్టర్లు వేసుకుంటే ఆ మొక్కలు మాత్రం కళకళలాడాయి. వాటికి కావలసింది ఆ చలే. ముగ్గుల హడావుడిలో రెండు రోజులు చూడకపోయేసరికి లేత చిగుళ్ళకి పేనుబంక పట్టింది. నీళ్ళలో కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట మూడు రోజులు కొడితే పోయింది.

జనవరి 19న మొదటి మొగ్గ. దాన్ని చూసి నేను భయపడ్డాను. సన్నటి కాడ చివర నూగు మొగ్గ, తల కిందికి వేలాడేసి ఉంది. నీళ్ళు తక్కువై వాడిపోతోందనుకుని మగ్గు అందుకోబోయి ఆగాను. పాపీ మొగ్గ అలాగే పుడుతుంది, తల వంచుకుని. వారం రోజులు అలాగే ఉండి, పూసే ముందు కాడ నిటారుగా లేస్తుంది. మొగ్గ వాలితే కంగారుపడి నీళ్ళు పోయకండి, ఎరువు వేయకండి.

రిపబ్లిక్ డే సాయంత్రం అది తల ఎత్తింది. మర్నాడు, జనవరి 27, అలారం పెట్టుకుని ఆరింటికి పైకెళ్ళాను. మొగ్గ తొడుగు మధ్యలో సన్నటి గీతలా చీలి ఉంది, లోపలి నుంచి ఎరుపు తొంగి చూస్తోంది. శాలువా కప్పుకుని స్టూలు మీద కూర్చున్నాను. ఆరూ నలభై దాటాక ఆ తొడుగు రెండు చిప్పలూ ఒకదాని తర్వాత ఒకటి ఊడి కింద పడ్డాయి. నాలుగు రేకులు నలిగి ఉండల్లా ఉన్నాయి. ఎండ తగిలేకొద్దీ ముడతలు విప్పుకుంటూ, ఎనిమిదింటికల్లా నా అరచేయంత పువ్వయింది. ఎర్రటి రేకు, అంచున సన్నటి తెల్లని గీత. విత్తిన రోజు నుంచి డెబ్బై ఎనిమిదో రోజు. ఇంట్లో అందరినీ పిలిచాను, కింద ఆంటీవాళ్ళని కూడా.

ఆ తెల్లని అంచుకి ఒక కథ ఉంది. 1880 ప్రాంతంలో ఇంగ్లండులోని షర్లీ అనే ఊళ్ళో విలియం విల్క్స్ అనే చర్చి ఫాదరు, తన తోట మూలన పెరిగిన ఎర్రటి అడవి పాపీల్లో ఒక్కదానికే రేకు అంచు తెల్లగా ఉండటం గమనించాడు. ఆ గింజలు దాచి, మళ్ళీ చల్లి, నచ్చినవి ఉంచి మిగతావి పీకేస్తూ ఏళ్ళ తరబడి శ్రమపడితే ఈ రకం వచ్చింది. అది చదివాక నేనూ తెల్ల అంచున్న పువ్వుల కాడలకి ఎర్ర దారం కట్టి పెట్టాను, గింజ వాటి నుంచే తీయాలని.

ఆ మొదటి పువ్వు మర్నాడు మధ్యాహ్నం గాలికి రాలిపోయింది. డెబ్బై ఎనిమిది రోజుల ఎదురుచూపు, ఒకటిన్నర రోజు పువ్వు. నాకు అన్నం సయించలేదు. కానీ ఆ సాయంత్రానికి ఇంకో మూడు మొగ్గలు తలలెత్తాయి. ఫిబ్రవరి రెండో వారానికి రోజూ పదికి తక్కువ లేవు. ఫిబ్రవరి 11న ఒకేసారి ఇరవై మూడు. వంటింట్లో గోడ క్యాలెండరు మీద రోజూ లెక్క రాసుకున్నాను, మొత్తం 143 పూలు. డిసెంబరులో మళ్ళీ చల్లిన రెండు బ్యాగులు మాత్రం ఫిబ్రవరి చివరికి జానెడెత్తులో ఒక్కో మొక్కకి రెండేసి పూలు పూసి ఆగిపోయాయి, వాటికి చలి సరిపోలేదు. ఈ ఊళ్ళో నవంబరు దాటనివ్వకూడదు.

కాలిఫోర్నియా పాపీలు నారింజ రంగులో పూశాయి. సాయంత్రమయితే, మబ్బు పట్టినా, ముడుచుకుపోతాయి. అత్తమ్మ వాటిని "నిద్రగన్నేరు చెల్లెళ్ళు" అనేవారు. పొద్దున తేనెటీగలు వచ్చేవి. పాపీ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి కోసమే వాటి తిరుగుడంతా. పూలు కోసి ఇంట్లో పెట్టుకోవాలంటే మొగ్గ విచ్చుకోబోయే ముందు కోసి, కాడ చివర కొవ్వొత్తి మంటలో కాసేపు కాల్చి నీళ్ళలో పెట్టాలి, అప్పుడొక రోజు నిలుస్తాయి. శివరాత్రికి అత్తమ్మ పటానికి పెట్టబోతే రేకులు చేతిలోనే రాలాయి. ఆమె ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి ఆ రేకులే తేలేశారు. మా దేవుడి గది అంత అందంగా ఎప్పుడూ లేదు.

ఖర్చు కూడా చెబుతాను. విత్తనాలు మొత్తం 290, కోకోపీట్ 280, వర్మీకంపోస్ట్ 250, బ్యాగులు 360, పెర్లైట్ 180, స్ప్రేయర్ 120, మొదట్లో వృథా అయిన కప్పులు 150, ఆటో 160. అంతా కలిపి 1,790. ఇసుక ఓనరువాళ్ళది. సరిగ్గా మొదటిసారే నేరుగా చల్లి ఉంటే 300 తగ్గేది.

మార్చి మొదటి వారం ఎండలకి ఆకులు కింద నుంచి పసుపు రంగుకి తిరగడం మొదలైంది. ఏం చేసినా ఆగదు, దాని ఆయుష్షు అంతే. దారం కట్టిన కాయలు గోధుమరంగుకి తిరిగి, ఊపితే గలగలమన్నాయి. కాయకి పైన చిన్న మూత, మూత కింద చుట్టూరా కిటికీల్లాంటి రంధ్రాలు. తలకిందులు చేస్తే ఉప్పు డబ్బాలోంచి రాలినట్టు గింజలు రాలాయి. మార్చి 16న అన్నీ కోసి, వారం నీడన ఆరబెట్టి, కాగితం కవర్లలో పోసి తేదీ వేశాను. ఓనరాంటీ ఒక కవరు అడిగి తీసుకున్నారు. ఇవి పాయసానికి పనికిరావు, పిల్లలకి అందకుండా పెట్టండి అని చెప్పే ఇచ్చాను.

ఉగాదికి అత్తమ్మ ఊరికి బయల్దేరుతూ నా దగ్గరికొచ్చి చెయ్యి చాపారు. చిటికెడు గింజలు వేశాను. పొడి ఇసుక కలిపి, పాత చీర ముక్కలో ముడి వేసి బ్యాగులో పెట్టుకున్నారు.

"కార్తీకంలో చల్లుతాలే" అన్నారు. "నీళ్ళు చిలకరిస్తానంతే. పొయ్యను."